ఇంజన్ ఆపితేనే డీజిల్

మా వదినను కార్డు తెమ్మని పంపాం. ఆవిడ పాఠం కూడా నేర్చుకుని వచ్చింది. ఆ ఏడాది కోతల్లో మా ఇంట్లో జరిగిన గొడవలన్నిటికీ అదే మొదలు.

మాకు ఒక కోత మిషను ఉంది. నాన్న, అన్నయ్య మార్చి మార్చి నడుపుతారు. చుట్టుపక్కల చేలలో సగానికి పైగా దానితోనే కోస్తారు. కోతలప్పుడు అది చేను వదిలి బంకు దాకా రాదు కాబట్టి డీజిలే దాని దగ్గరకు వెళ్ళాలి. అన్నేళ్ళూ నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో నింపి, ట్రాలీలో వేసి, పైన ఒక గోనెపట్టా కప్పి పట్టుకెళ్ళేవాళ్ళు. ఆ ఏడు రూలు మారింది. పొలం పనికైనా సరే, అంత డీజిల్ మోయాలంటే ఇనుప ట్యాంకు ఉండాలి, దాన్ని పరీక్ష చేయించి ముద్ర వేయించాలి, బండి తోలేవాళ్ళు తరగతికి వెళ్ళి కార్డు తెచ్చుకోవాలి. డ్రమ్ములు కనబడితే రోడ్డు మీదే దింపేస్తారు.

నాన్న ఒంటికాలి మీద లేచాడు. "డీజిల్ మోసీ మోసీ జుట్టు నెరిసింది నాకు. ఇప్పుడు పలక పట్టుకుని బడికి పోవాలా?" అన్నాడు. రెండు రోజులు అందరి మీదా చిరాకు పడి, చివరికి ఆయనే ఒక దారి కనిపెట్టాడు. ఇంట్లో ఎవరో ఒకరి పేరున కార్డు ఉంటే చాలు, తోలేది ఎవరైతేనేం అని. అన్నయ్య అప్పటికే మిషను విప్పి నట్లూ బోల్టులూ నేల మీద పరుచుకుని ఉన్నాడు. నేను కుట్టు మిషను తప్ప మరో మిషను ఎరగను. మిగిలింది వదిన. పుట్టింట్లో ట్రాక్టరు తోలిన మనిషి, లైసెన్సు కూడా ఉంది. అమ్మ పోయాక ఇంట్లో ఉన్నది మేం నలుగురమే.

"వెళ్ళి వెనక బెంచీలో కూర్చో అమ్మా. నిద్రొస్తే ఓ కునుకు తియ్యి. వాళ్ళు కార్డు ఇస్తారు, తెచ్చేసుకో" అని సాగనంపాడు నాన్న.

వదిన వెనక బెంచీలో కూర్చోలేదని ఆవిడ తిరిగొచ్చిన సాయంత్రమే తెలిసింది. చేతిసంచి అరుగు మీద పెట్టి, చెప్పులైనా విడవకుండా నేరుగా పెరట్లోకి వెళ్ళింది. డ్రమ్ముల్ని వేళ్ళతో టకటకా కొట్టి చూసింది.

"ఇవి ఇక పనికిరావు. డీజిల్ కదిలితే లోపల కరెంటు పుడుతుంది" అంది.

"డ్రమ్ములో కరెంటా?" అన్నాడు అన్నయ్య. "ఫ్యాను తగిలించు మరి. ఇంట్లో ఉక్కపోసి చస్తున్నాం."

"మీరు తల దువ్వుకుని ఆ దువ్వెన కాగితం ముక్కల మీద పెడితే ఏమవుతుంది?"

"అతుక్కుంటాయి."

"ప్లాస్టిక్‌లో డీజిల్ ఊగినా అదే పుడుతుంది. ఇక్కడ కాగితం ముక్కలుండవు, ఆవిరుంటుంది. తేడా అంతే."

అన్నయ్య నవ్వడం ఆపలేదు గానీ, చెయ్యి మాత్రం డ్రమ్ము మీది నుంచి తీశాడు. నాన్న చేతికి కార్డు ఇస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఫోటో బావుంది" అని తిరిగి ఇచ్చేశాడు. పాఠం సంగతి ఆయన అడగలేదు. అడగకపోయినా ఆవిడ చెబుతుందని అప్పటికింకా ఎవరికీ తెలియదు.

*

ట్యాంకు చేయించడం దగ్గర మొదటి రగడ. వెల్డింగు షాపు వీధిలోనే ఉంది. రేకు వంచి, నాలుగు అంచులు అతికి, పైన మూత పెడితే అయిపోయిందనుకున్నాడు షాపాయన. నాన్న కూడా అదే అనుకున్నాడు. వదిన మాత్రం లోపల అడ్డంగా రేకులు పెట్టాలంది, కింద కంతలు వదిలి, డీజిల్ పారేట్టుగా.

"లోపలి రేకులు ఎవడికి కనబడతాయమ్మా?" అన్నాడు నాన్న.

"డీజిల్‌కి కనబడతాయి మామయ్యగారూ, మలుపు తిరిగినప్పుడు."

షాపాయన నవ్వాడు. వదిన నవ్వలేదు. మూలనున్న బకెట్లో సగం దాకా నీళ్ళు పట్టి, ఆయన చేతికిచ్చి, వాకిట్లో గబగబా నడిచి టక్కున ఆగమంది. ఆయన నడిచాడు, ఆగాడు, ప్యాంటు తడిసింది. నిండు బకెట్ కంటే సగం బకెట్టే మనిషిని ఎక్కువ తూలుస్తుందని అప్పుడు నాకూ తెలిసింది. అడ్డ రేకుల్లేని ట్యాంకు సగం నింపుకుని మలుపు తిరిగితే, లోపలి డీజిలంతా ఒక పక్కకు వచ్చి ట్రాలీనే పడదోస్తుందట. సగమే ఉంది కదా, భయం లేదని అనుకునేవాళ్ళే పడతారట.

మూత బిగించే ముందు వదిన టార్చి పట్టుకుని, తల లోపలికి పెట్టి అతుకులన్నీ చూసింది. నేను జాకెట్టు తిరగేసి లోపలి కుట్టు చూసుకున్నట్టే చూసింది. నాకు ఆవిడ మీద గౌరవం మొదలైంది అక్కడే అని చెప్పుకోవాలి. అంతకుముందు మాకు పెద్దగా పడేది కాదు. వంటింట్లో గరిటె ఎక్కడ తగిలించాలో కూడా చెప్పే మనిషితో ఎవరికి పడుతుంది?

ట్యాంకు ట్రాలీకి బిగించారు. వెనక ఎర్ర అక్షరాల బోర్డు, పక్కన మంటలార్పే ఎర్ర సిలిండరు, ట్రాక్టరు పొగగొట్టానికి నిప్పురవ్వలు బయటికి రాకుండా జాలీ, లోపల పుట్టే కరెంటు దిగిపోవడానికి ట్యాంకుకు చుట్టిన రాగి తీగ. అన్నీ కుదిరాక నాన్న చుట్టూ తిరిగి చూసి, "పెళ్ళికూతురిలా ముస్తాబు చేశావు" అన్నాడు. ఆ మాటలో వెక్కిరింత ఎంతో మెప్పు ఎంతో ఆయనకే తెలియాలి.

మర్నాటి నుంచి తోలేది తనే అనుకుని తాళం చెవి జేబులో వేసుకున్నాడు ఆయన. వదిన చెయ్యి చాపింది.

"కార్డు నా పేరున ఉంది మామయ్యగారూ."

నాన్న నా వైపు చూశాడు, నేనేదో సర్దిచెబుతానని. నేను సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు. తాళం చెవి వదిన చేతిలోకి వెళ్ళింది.

*

కోతలప్పుడు బట్టలు కుట్టించుకోవడానికి ఎవరూ రారు. అందుకని నన్ను వదినకు తోడు వెళ్ళమన్నారు. తోడంటే ట్రాక్టరు మీద కూర్చోవచ్చని సంబరపడ్డాను. డీజిల్‌తో పాటు మనుషుల్ని ఎక్కించుకోకూడదట. నేను నా స్కూటరు మీద, అన్నం క్యారేజీ తగిలించుకుని, ఎడంగా వెనకాల రావాలట. వదిన బండి నడక మీకు చెప్పినా నమ్మరు. కూరగాయల మూటతో సైకిలు తొక్కే ముసలాయన మమ్మల్ని దాటి వెళ్ళి, వెనక్కి తిరిగి మరీ నవ్వాడు. అంత నెమ్మదిగా స్కూటరు నడపాలంటే రెండు కాళ్ళూ నేల మీద ఈడ్చాలి.

బంకులో ఇంకో తంతు. ముందు ఇంజన్ ఆపేది. నా ఫోను తీసుకుని గదిలో బల్ల మీద పెట్టించేది. రాగి తీగ కొక్కెం పంపుకు తగిలించాకే మూత తీసేది. పీకల దాకా నింపనిచ్చేది కాదు. ఎండకు డీజిల్ ఉబ్బుతుందని, దానికి చోటు వదలాలని చెప్పేది. నింపాక వెంటనే కదిలేది కాదు, కాసేపు ఆగేది. వెనక నిలబడ్డ లారీ వాళ్ళు హారను మోగించేవాళ్ళు. వదిన వాళ్ళ వైపు చూసేది కూడా కాదు, తలగుడ్డ విప్పి మళ్ళీ తీరిగ్గా కట్టుకునేది. అన్నయ్య ఆవిడకు రూలమ్మ అని పేరు పెట్టాడు. వారం తిరక్కుండా బంకు కుర్రాళ్ళ దగ్గరి నుంచి చేలల్లో కూలీల దాకా అందరికీ ఆవిడ రూలమ్మే.

ఒకరోజు పెద్ద రోడ్డు మీద తనిఖీ వాళ్ళు ఆపారు. అధికారి మూత చూశాడు, ముద్ర చూశాడు, సిలిండరు తారీఖు చూశాడు, బోర్డు చూశాడు. తప్పు దొరక్క ఆయన ముఖం చిన్నబోయింది.

"డ్రైవరు ఎక్కడ?" అన్నాడు.

"ఎదురుగానే ఉంది" అంది వదిన.

ఆయన కార్డు చూసి, ఆవిడను చూసి, మళ్ళీ కార్డు చూసి, "వెళ్ళండమ్మా" అన్నాడు. అదే రోడ్డు పక్కన ఎవరివో నీలం డ్రమ్ములు వరసగా దింపి ఉన్నాయి. వాటి యజమాని తలపట్టుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఈ సంగతి నేను నాన్నకు కాస్త ఉప్పూకారం జోడించి చెప్పాను. ఆయన విననట్టే పేపరు తిరగేశాడు. కానీ రాత్రి భోజనాల దగ్గర, "అధికారి ఏమన్నాడన్నావు?" అని మళ్ళీ చెప్పించుకున్నాడు.

*

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు బ్యాటరీ దగ్గర ఉంది.

మా మిషను బ్యాటరీ పాతది. పొద్దున్నే ట్రాక్టరు బ్యాటరీకి తీగలు తగిలించి స్టార్టు చేసేవాళ్ళు. ఒకసారి స్టార్టయిందంటే పొద్దు వాలేదాకా ఇంజన్ ఆపేవాళ్ళు కాదు. అన్నం తింటున్నా అది మోగుతూనే ఉండేది, పక్క చేలోకి మారుతున్నా మోగుతూనే ఉండేది. డీజిల్ అయిపోతే, ఇంజన్ మోగుతుండగానే అన్నయ్య గరాటు పెట్టి డ్రమ్ము వంచేవాడు. కొత్త బ్యాటరీ ఊసెత్తితే, "ఈ కోతలు గడవనీ" అనేవాడు నాన్న. ఏటా అదే మాట. నా చిన్నప్పటి నుంచీ కోతలంటే నా చెవుల్లో ఆగని ఇంజన్ చప్పుడే.

మోగే ఇంజన్‌కు డీజిల్ పోయనని వదిన మొదటి రోజే చెప్పేసింది. గొడవ ముదరకుండా తనే ఉపాయం చెప్పింది. పొద్దున్నే స్టార్టు చేయకముందే మిషను ట్యాంకు నింపేస్తే సాయంత్రం దాకా వస్తుంది కదా అని. అందుకోసం కోడి కూయకముందే లేచి బండి తీసేది. నన్నూ లేపేది, అది వేరే సంగతి. మూడు వారాలు అలాగే నడిచింది. మామా కోడళ్ళిద్దరూ ఎవరి పంతం వాళ్ళు నెగ్గామనుకున్నారు.

ఆఖరి చేను డ్రిల్లు మాస్టారిది. బళ్ళో పిల్లల చేత కసరత్తులు చేయించి రిటైరయిన మనిషి. నాన్నకు చిన్ననాటి స్నేహితుడే, కానీ అంతకుముందు రెండేళ్ళు మా మిషను కాదని బయటి నుంచి వేరే మిషను తెప్పించుకున్నాడు. మాది పాతబడిందన్నాడట ఎవరితోనో. ఆ మాట నాన్నకు ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఆ ఏడు మాస్టారు తనంతట తనే వచ్చి, "వానలకు ముందు కోసి పెట్టగలవా?" అని అడిగాడు.

"ఒక్క కంకి తడవనివ్వను" అన్నాడు నాన్న.

ఎప్పుడూ అలాంటి మాట ఇవ్వని మనిషి ఇచ్చాడు. అప్పటిదాకా ఎవరి చేనూ సగంలో వదిలిన వాడు కాదు, అందుకని ఆ ధీమా. ఆ రోజు నుంచి ఆయన కళ్ళు నేల మీద కంటే ఆకాశం మీదే ఎక్కువ ఉండేవి.

*

ఆ రోజు పొద్దున పక్క చేను మిగులు కోసి, మధ్యాహ్నానికి మాస్టారి చేలోకి దిగారు. అప్పటికే పడమటి వైపు మబ్బు నల్లగా లేస్తోంది. గాలి ఆగిపోయింది. మాస్టారు మొదటి ట్రాలీ గింజ ఎత్తించుకుని గోదాముకు వెళ్ళాడు. చేను ఇంకా సగం పైన నిలబడి ఉంది. అప్పుడు అన్నయ్య నుంచి వదినకు ఫోను. డీజిల్ ముల్లు కిందికి పడిపోయిందని, చేను మెత్తగా ఉండి మిషను ఎక్కువ తాగేసిందని, వెంటనే రమ్మని.

మేము వెళ్ళేసరికి మిషను గట్టు పక్కన నిలబడి మోగుతోంది. మీద నాన్న, కింద అన్నయ్య. వదిన ట్రాలీని కాస్త ఎడంగా ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, గొట్టం తీసుకుని నడిచింది. తీగ కొక్కెం మిషనుకు తగిలించింది. గొట్టం మొన చేత్తో పట్టుకుని నిలబడింది. డీజిల్ వదిలే మర తిప్పలేదు.

"పొయ్యమ్మా, చూస్తావేం" అన్నాడు నాన్న పైనుంచి.

"ఇంజన్ ఆపండి మామయ్యగారూ."

"ఆపితే మళ్ళీ స్టార్టవదు. మబ్బు చూశావా?"

"చూశాను. ట్రాక్టరు ఉంది, తీగలు తగిలిద్దాం."

"దానికెంత సేపు పడుతుందో నీకు తెలుసా? ఈ ఒక్కసారికి పోసెయ్."

వదిన చెయ్యి మర మీద అలాగే ఉంది.

అన్నయ్య దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి, "ఇవాళ ఒక్కరోజు వదిలెయ్యి. ఆయన మాటిచ్చాడు" అన్నాడు.

"వినబడింది. ఇంజన్ ఆపితే పోస్తాను" అంది వదిన. గొంతు పెంచలేదు, కానీ తగిలించిన తీగ కొక్కెమే మళ్ళీ తడిమి చూసుకుంది. ఆవిడ భయపడుతోందని నాకు అప్పుడే తెలిసింది. భయపడుతూనే నిలబడింది. ఆ ఇంట్లో మామగారి మాటకు ఎదురు నిలబడటం ఎంత కష్టమో కూతురినైన నాకు తెలుసు. నేనైతే ఎప్పుడో పోసేసేదాన్ని.

నాన్న ముఖం కందగడ్డలా అయింది. దిగి వచ్చి గొట్టం లాక్కుంటాడనుకున్నాను. అన్నయ్యా అదే అనుకున్నట్టున్నాడు, ఒక అడుగు ముందుకేశాడు. చేలో కూలీలు పని ఆపి చూస్తున్నారు. నాన్న ఆకాశం వైపు చూశాడు, కోయని చేను వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు. చెయ్యి చాపి ఇంజన్ ఆపేశాడు.

అంత నిశ్శబ్దం కోతల్లో నేను ఎప్పుడూ వినలేదు. కూలీల్లో ఎవరో దగ్గితే అందరం అటు తిరిగాం.

"వేడి తగ్గనివ్వాలి. కాసేపే" అంది వదిన.

నాన్న కిందికి దిగాడు. ఊరికే నిలబడటం చేతకాని మనిషి కదా, కోపాన్నంతా మిషను మీద చూపిస్తూ, పక్కల పేరుకున్న పొట్టును చేత్తో దులపడం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచి కోసిన పొట్టు ఇంజన్ చుట్టూ, పొగగొట్టం చుట్టూ దట్టంగా పట్టి ఉంది. నేను ఆయన వెనకే నిలబడ్డాను. పొగగొట్టం మొదట్లో గుప్పెడు పొట్టు పీకాడు. లోపలి నుంచి సన్నని పొగ వచ్చింది. ఆయన చేతిలోని పొట్టు అంచు నల్లగా ఉంది, మధ్యలో ఎర్రగా ఒక గీత పాకుతోంది. డీజిల్ పోసే మూత అక్కడికి జానెడు దూరంలో ఉంది.

నాన్న గుప్పిట మూశాడు. చెయ్యి కాలిందో లేదో ముఖంలో తెలియనివ్వలేదు. గట్టు అవతల తడి నేల మీద దాన్ని పారేసి, చెప్పుతో రాసి రాసి ఆర్పాడు. వెనక్కి వచ్చి మిగతా పొట్టును కూడా వేళ్ళతో తవ్వి తీశాడు, ఒక్క పరక మిగలకుండా. నన్ను చూశాడు. నేను చూశానని ఆయనకు తెలిసింది.

వదిన అవతలి వైపున ఉంది, ఇదేమీ చూడలేదు. ఇంజన్ రేకు మీద వేళ్ళానించి చూసి, "ఇక చాలు మామయ్యగారూ, పోస్తాను" అంది.

"ఇంకాసేపు ఆగుదాం" అన్నాడు నాన్న.

అన్నయ్య నోరు తెరుచుకుని ఆయన వైపు చూశాడు. వదిన కూడా అర్థం కాక నన్ను చూసింది. నేను మబ్బు వైపు తల తిప్పుకున్నాను, కళ్ళు తుడుచుకోవడానికి.

*

డీజిల్ పోయడం అయ్యాక, ఒలికిన రెండు చుక్కలు గుడ్డతో తుడిచి, మూత బిగించి, వదిన ట్రాలీని దూరంగా లాక్కెళ్ళి అక్కడ విడదీసింది. ఖాళీ ట్రాక్టరుతో తిరిగి వచ్చింది. తీగలు తగిలించినప్పుడు నిప్పురవ్వ లేస్తుంది కాబట్టి ట్యాంకు దగ్గర ఉండకూడదట. ఈసారి ఎందుకని ఎవరూ అడగలేదు. తీగలు నాన్నే స్వయంగా తగిలించాడు. మిషను మూడుసార్లు మూలిగి, నాలుగోసారి అందుకుంది.

నాన్న ఎక్కి కూర్చున్నాడు. ఆయన అంత బాగా మిషను నడపడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. మూలల్లో ఒక్క సాలు వదలకుండా, ఎక్కడా తడబడకుండా, పిల్లవాడికి జుట్టు కత్తిరించినట్టు చేనంతా కోసుకుంటూ పోయాడు. అన్నయ్య పక్కనే పరిగెడుతూ గింజ ఎత్తించాడు. కూలీలు పట్టాలు కప్పుతున్నారు. నేనూ వదినా కూడా కొంగులు బిగించి పట్టాలు లాగాం.

కానీ వాన ఎవరి కోసమూ ఆగదు. చివరి మూల, ఒక పెద్ద గది అంత చేను మిగిలి ఉండగా, ముందు గాలి వచ్చి కంకుల్ని నేలకు ఒత్తేసింది. వెంటనే చినుకులు, ఆ వెంటనే ధారలు. నాన్న ఇంజన్ ఆపేసి మీదే కూర్చుండిపోయాడు. నేలకు ఒరిగిన ఆ మూలనే చూస్తున్నాడు. నాకు ఆ మూల చేను కంటే ఆయన భుజాలు చూస్తే ఎక్కువ బాధేసింది.

మాస్టారు గొడుగేసుకుని, ప్యాంటు మడమల పైకి మడిచి, గట్టు మీద గబగబా వచ్చాడు. మూల చూశాడు. రిటైరయినా ఆయన గొంతు మాత్రం బడి మైదానంలోనే ఉండిపోయింది.

"గోదాము దగ్గర వింటూనే ఉన్నాను. మధ్యలో మిషను చప్పుడు ఆగిపోయింది. చాలాసేపు ఆగిపోయింది. మబ్బు నెత్తి మీద పెట్టుకుని మిషను ఆపింది ఎవరు?"

కూలీల కళ్ళు వదిన వైపు తిరిగాయి. వదిన తడిసిన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, ఒక అడుగు ముందుకు వేసింది. చెప్పడానికే వెళుతోందని నాకు తెలుసు. తప్పించుకోవడం ఆవిడకు చేతకాదు. మర్నాటి నుంచి ఊళ్ళో ఏమనుకుంటారో కూడా నాకు తెలుసు. రూలమ్మ రూలు వల్ల మాస్టారి చేను తడిసిందంటారు. ఆ మాట ఒకసారి పుట్టిందంటే ఇక ఆవిడ బండి ఏ చేలోకి వెళ్ళినా ముందు ఆ మాటే వెళుతుంది.

నాన్న మిషను మీద నుంచి దిగాడు. వదినకూ మాస్టారికీ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"నేనే ఆపాను" అన్నాడు.

"నువ్వా? ఎందుకు?"

"ఆపాల్సి వచ్చింది, ఆపాను. మళ్ళీ అదే మబ్బు వచ్చినా ఆపుతాను. ఆ మూల గింజ పోతే నా చేలోంచి పట్టుకుపో. మాట తప్పానంటావా, అను, పడతాను."

నిప్పు సంగతి ఆయన చెప్పలేదు. ఆ ఒక్క ముక్క చెబితే మాస్టారు దండం పెట్టి ఉండేవాడు. ఎందుకు చెప్పలేదో నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. చెబితే అది నిప్పు వల్ల ఆపినట్టవుతుంది. ఆయన ఆపింది నిప్పు చూసి కాదు, కోడలు చెప్పినందుకు. నాన్న కొన్ని విషయాల్లో ఎంత మొండివాడో కొన్ని విషయాల్లో అంత నిక్కచ్చి మనిషి. ఆ నిమిషంలో ఆయన్ను చూసి నాకు కలిగిన గర్వం నా జన్మలో ఇంకెప్పుడూ కలగలేదు.

మాస్టారు గొడుగు కింద కాసేపు ఆయన ముఖంలోకి చూశాడు. "తడుస్తున్నావు. ముందు ఇంటికి పో" అని వెనక్కి తిరిగాడు.

కూలీలూ వెళ్ళిపోయాక వాన హోరులో మేం నలుగురమే మిగిలాం. వదిన నాన్న దగ్గరకు వచ్చింది. "మామయ్యగారూ, ఆపమన్నది నేను కదా" అంది.

నాన్న ఆవిడ వైపు చూడకుండా, దూరంగా వానలో నిలబడ్డ ట్రాలీ వైపు చూశాడు.

"ట్యాంకు మూత బిగించావా? నీళ్ళు పోతాయి."

"బిగించాను."

"మళ్ళీ చూడు."

ఆవిడ బిగించిందంటే బిగించినట్టే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా వదిన మారు మాట్లాడకుండా బురదలో ట్రాలీ దాకా నడిచింది. మూత మీద చెయ్యి వేసి చూసింది. చూడటం అయిపోయాక కూడా చాలాసేపు మా వైపు తిరగలేదు.